412 రికార్డులు చేరి ఆగిపోతే మిగతావి ఏమైనట్టు?

మీరు మోంగోడీబీ అనే డేటాబేస్‌కి 5,000 రికార్డులు ఒకేసారి పంపితే 412 చేరాయి, ఒక్క ఎర్రరే కనిపించింది, మిగతావి ఏమయ్యాయి అని అడిగారు. అవి ఎక్కడికీ పోలేదు. వాటి వంతే రాలేదు. చాలా రికార్డులను ఒకేసారి ఎక్కించే ఇన్సర్ట్ మెనీ ఆదేశంలో ‘ఆర్డర్డ్’ అనే సెట్టింగు మనం మార్చకపోతే ట్రూగా ఉంటుంది. అంటే వరుసగా రాసుకుంటూ పోయి, మొదటి తప్పు దగ్గరే ఆగిపోతుంది. ఆ వెనక ఇంకెన్ని తప్పులున్నాయో దానికీ తెలియదు.

ఒక దుకాణం ఖాతాదారుల జాబితా ఎక్కిస్తూ నేనూ ఇక్కడే బోల్తా పడ్డాను. ఫోను నంబరు మీద యూనిక్ ఇండెక్స్ పెట్టాను, అంటే ఒకే నంబరు రెండోసారి చేరనివ్వని నియమం. భార్యాభర్తలు ఒకే నంబరు ఇస్తారన్న ఆలోచనే రాలేదు. ఎర్రర్ కోడ్ 11000, డూప్లికేట్ కీ (ఆ నంబరు ముందే ఉంది), ఇండెక్స్ 86 అని వచ్చింది. ఎక్సెల్‌లో 86వ వరుస తెరిచి, ఇందులో తప్పేముందని చాలాసేపు తల పట్టుకున్నాను. ఇక్కడ ఇండెక్స్ అంటే పంపిన జాబితాలో రికార్డు స్థానం, ఆ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, ఫైలులో పైన శీర్షికల వరుస ఒకటి ఉంది. చూడవలసింది 88వ వరుస! దాన్ని తీసేసి ఫైలంతా మళ్లీ పంపితే ఈసారి మొదటి రికార్డుకే ఆగింది. అది అప్పటికే లోపల ఉంది కదా.

ఆర్డర్డ్‌ను ఫాల్స్ చేయండి. చెడ్డవాటిని వదిలేసి మిగతావన్నీ రాస్తుంది. పైథాన్‌లో అయితే చివర వచ్చే బల్క్ రైట్ ఎర్రర్‌లో ‘డీటెయిల్స్’ చూడండి. ఎన్ని చేరాయో, చేరని ప్రతి రికార్డు ఇండెక్స్, కోడ్, కారణం అన్నీ అందులోనే ఉంటాయి. నేను 11000లను ఒక ఫైలులో, 121లను, అంటే స్కీమా నియమాలకు (రికార్డు ఎలా ఉండాలో చెప్పేవాటికి) సరిపడనివాటిని, మరో ఫైలులో రాసుకుంటాను. అయితే ఫాల్స్ పెట్టాక వరుసక్రమానికి హామీ లేదు. ఒకే నంబరున్న ఇద్దరిలో ఎవరు ముందు చేరతారో చెప్పలేం.

రాసింది ఎన్ని సర్వర్లకు చేరాలో మనం కోరడాన్ని రైట్ కన్సర్న్ అంటారు. డీటెయిల్స్‌లోనే ‘రైట్ కన్సర్న్ ఎర్రర్స్’ అని ఇంకో జాబితా ఉంటుంది. అక్కడ గడువు దాటిందని కనిపించినంత మాత్రాన రికార్డు రాయలేదని కాదు. కోరినన్ని సర్వర్లకు చేరినట్టు సమయానికి కబురు రాలేదని మాత్రమే. కంగారుపడి మళ్లీ పంపకండి.

పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌కు అలవాటుపడినవారికి ఇదంతా వింతగానే ఉంటుంది. అక్కడ ఒకే ఇన్సర్ట్‌లో పంపిన వెయ్యి వరుసల్లో ఒకటి చెడినా ఏదీ చేరదు.

నా దుకాణం సంగతంటారా, చివరికి నంబరూ పేరూ కలిపి యూనిక్ చేశాను. తాత పేరే పెట్టుకున్న మనవడు అదే ఫోను నంబరు ఇచ్చేదాకా బాగానే నడిచింది.