56 మోడెంకీ 64 లైనుకీ అంత తేడా ఏముండేది?

"డయలప్ మోడెం 56 కేబీపీఎస్, లీజ్డ్ లైన్ 64 కేబీపీఎస్. ఆ ఎనిమిది కోసం కంపెనీలు అంత డబ్బు ఎందుకు పోసేవి?" అని అడిగారు. కేబీపీఎస్ అంటే సెకనుకు ఎన్ని వేల బిట్ల డేటా వెళ్తుందో ఆ లెక్క. అంకెలు చూస్తే ఎవరికైనా వచ్చే అనుమానమే. నేను 1999 నుంచి కొన్నేళ్ళు హైదరాబాద్‌లో ఒక చిన్న మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ (డాక్టర్లు చెప్పింది విని టైప్ చేసే) ఆఫీసులో సిస్టమ్స్ చూసుకునేవాణ్ణి. డయలప్ (మామూలు ఫోన్ లైన్ మీద డయల్ చేసి నెట్‌కి కలవడం), ఐఎస్‌డీఎన్ (డిజిటల్ ఫోన్ లైన్), లీజ్డ్ లైన్ (ఎప్పుడూ తెరిచే ఉండే అద్దె లైన్) అదే వరసలో మూడూ వాడాం.

ముందు ఆ 56 సంగతి చూద్దాం. అది డౌన్‌లోడ్‌కి మాత్రమే, అదీ గరిష్ఠంగా. వి.90 మోడెంలో (ఆ 56 మోడెంల ప్రమాణం పేరే వి.90) మన వైపు నుంచి వెళ్ళేది 33.6 దాటదు. డౌన్‌లోడ్ అయినా మాకు 56 ఏనాడూ రాలేదు. లైన్ బాగున్న రోజు 44 దగ్గర కనెక్ట్ అయితే సంతోషించేవాళ్ళం. వానాకాలంలో కేబుల్ జాయింట్లలోకి నీళ్ళు దిగితే 28.8కి పడిపోయేది.

దీనికి కారణం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉంది. మోడెం డేటాను శబ్దంగా మార్చి పంపుతుంది. ఎక్స్ఛేంజి ఆ శబ్దాన్ని సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లుగా రాసుకుంటుంది. గుణిస్తే 64,000. అంటే డయలప్ కాల్ కూడా ఎక్స్ఛేంజి లోపల నిండా 64 కేబీపీఎస్ చానల్‌నే వాడుకుంటుంది. మన దగ్గర్నుంచి ఎక్స్ఛేంజి దాకా ఉన్న రాగి తీగ మీద శబ్దంగా వెళ్ళాల్సి రావడం వల్లే అందులో పెద్ద భాగం మనకు దక్కదు. ఐఎస్‌డీఎన్ గానీ, లీజ్డ్ లైన్ గానీ చేసిందల్లా ఆ శబ్దం గొడవ తీసేసి అదే 64ను రెండు వైపులా నేరుగా ఇవ్వడం. లైన్ ఉంటే 64 ఉంటుంది, లేకపోతే అసలేమీ ఉండదు. మధ్యలో 28.8 లాంటి స్థితి ఉండదు.

ఇంత చెప్పినా, ఒక ఎంబీ ఫైలు 44 మీద మూడు నిమిషాలకు పైగా పడితే 64 మీద రెండు నిమిషాలకు కాస్త ఎక్కువ పడుతుంది. దీని కోసమే అయితే మా యజమాని పైసా ఖర్చు పెట్టేవాడు కాదు. మా బాధ కాల్ తెగిపోవడం. అమెరికా డాక్టర్ల డిక్టేషన్ ఆడియో రాత్రంతా దిగుతుండేది, టైప్ చేసిన రిపోర్టు గడువులోగా తిరిగి పంపాలి. ఫైలు 90 శాతం దిగాక ఎవరో పక్క గదిలో అదే లైనుకి కలిపిన ప్యారలల్ ఫోన్ ఎత్తితే కాల్ కట్. అప్పట్లో కొన్ని సర్వర్లు ఆగిన చోటినుంచి మొదలుపెట్టనిచ్చేవి కావు, మళ్ళీ మొదటికి. ఆపైన డయల్ చేస్తే ఎంగేజ్ టోన్, ఎందుకంటే నెట్ ఇచ్చే ప్రొవైడర్ దగ్గర మోడెంలు కొన్నే ఉండేవి, చేసేవాళ్ళు బోలెడు మంది. (ఎంసెట్ ఫలితాల రోజు నెట్ సెంటర్‌లో నిలబడ్డవాళ్ళకి ఆ టెన్షన్ తెలుసు.) పైగా రెండు బిల్లులు: గంటల లెక్కన కొన్న నెట్ ప్యాక్ ఒకటి, పల్స్ లెక్కన (కాల్ ఎంతసేపు నడిస్తే అంత) ఫోన్ బిల్లు ఒకటి.

ఐఎస్‌డీఎన్ నాకు ముచ్చటగా అనిపించింది. కీచుమనే శబ్దం లేకుండా ఒకటి రెండు సెకన్లలో కనెక్ట్ అయ్యేది. ఒకే తీగ మీద 64 చానళ్ళు రెండు, ఒకదాంట్లో ఫోన్ మాట్లాడుతూ రెండోదాంట్లో నెట్ వాడుకోవచ్చు. రెండూ కలిపితే 128 వస్తుంది, కానీ రెండు కాల్స్ బిల్లు పడుతుంది. ఎంతైనా అదీ డయల్ చేసేదే. రోజంతా నెట్ కావాల్సిన ఆఫీసుకి అది సగం మందు మాత్రమే. రోజుకి గంటో రెండు గంటలో వాడేవాళ్ళకి బాగా సరిపోయేది.

లీజ్డ్ లైన్ వచ్చాక డయల్ చేయడం, పల్స్ లెక్క రెండూ పోయాయి. ఏడాది డబ్బు ముందే కట్టేస్తే ఎంత వాడినా అంతే. స్టాటిక్ ఐపీ (మారని నెట్ అడ్రసు) కూడా రావడంతో మెయిల్ సర్వర్ మా దగ్గరే పెట్టుకున్నాం. ప్రాక్సీ (ఒకే కనెక్షన్‌ని పంచే సాఫ్ట్‌వేర్) పెట్టి ఆఫీసులో అందరికీ ఆ 64నే పంచాం. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. రోడ్డు తవ్వినప్పుడు మాత్రం లైన్ పూర్తిగా పోయేది, అందుకే పాత మోడెం బల్ల మీదే ఉంచాం.

ఒక విషయం అప్పట్లో అమ్మేవాళ్ళు గట్టిగా చెప్పేవారు కాదు: డెడికేటెడ్ అన్నది మన దగ్గర్నుంచి ప్రొవైడర్ దాకానే. ఆ తర్వాత అందరిదీ ఒకటే దారి. ట్రాఫిక్ శాటిలైట్ మీదుగా వెళ్తే, పోయి రావడానికే అర సెకను పట్టేది. దానికి లీజ్డ్ లైన్ కూడా ఏమీ చేయలేదు.

ఇంట్లో వాడకానికైతే అప్పుడు డయలప్పే సరైనది. 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ అదే రాగి తీగ మీద 256 కేబీపీఎస్ ఇచ్చాక ఐఎస్‌డీఎన్ కొనడానికి కారణం పెద్దగా మిగల్లేదు. లీజ్డ్ లైన్ మాత్రం ఇప్పటికీ అమ్ముడవుతోంది. మీ ఆఫీసు కోసమే అడుగుతుంటే, ఎన్ని ఎంబీపీఎస్ అన్నది పక్కన పెట్టి మూడు విషయాలు తేల్చుకోండి: అప్‌లోడ్ కూడా అంతే ఇస్తారా, ఆ బ్యాండ్‌విడ్త్ మీ ఒక్కరికేనా, తెగితే ఎన్ని గంటల్లో బాగుచేస్తామని అగ్రిమెంట్‌లో రాసిస్తారా.