రాజమండ్రి నుంచి నరసాపురానికి సైకిల్ మీదా? గేర్ల సంగతి తర్వాత, ముందు వాల్వు చూసుకోండి

ప్రశ్న ఇదీ: "డిసెంబర్లో రాజమండ్రి నుంచి నరసాపురం దాకా ఒక్క రోజులో సైకిల్ మీద వెళ్దామనుకుంటున్నాను. ఎలా ప్లాన్ చేసుకోవాలి? గేర్ల సైకిల్ కొనక తప్పదా?"

వచ్చిన జవాబులన్నీ చదివాను. ఒకాయన కొత్త సైకిల్ కొనమన్నాడు, ఒకాయన దూది కుట్టిన నిక్కరు కొనమన్నాడు, ఇంకొకాయన హెల్మెట్ మీద కెమెరా పెట్టుకోమన్నాడు. అందరూ కొనమనే వాళ్లే. దారిలో పంక్చరైతే వేసేవాడు ఎక్కడున్నాడు, వాడి దగ్గర మీ సైకిల్‌కి సరిపోయే ట్యూబు ఉంటుందా అని ఒక్కరూ అడగలేదు. నేనుండేది ధవళేశ్వరంలో, తొక్కేది మా నాన్నగారు వాడిన అట్లాస్, ఆ దారి నాకు బాగా అలవాటు. కాబట్టి నా మాట కాస్త వినండి.

గేర్లు అక్కర్లేదు. కోనసీమలో ఎత్తు అంటే వంతెన ఎక్కడమే, అంతకు మించి ఏమీ లేదు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు కదా, దాని కింద తవ్విన కాలువలు పొలాలకి నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. పడవ నడవాలంటే నీళ్లు నెమ్మదిగా పారాలి, అంటే కాలువ దాదాపు మట్టంగా ఉండాలి, ఎక్కడ తేడా వస్తే అక్కడ పడవల్ని పై మట్టానికీ కింది మట్టానికీ దాటించే లాకులు కట్టారు. ఆ కాలువ గట్టు మీద వేసిన రోడ్డుకి ఎత్తుపల్లాలు ఎక్కడినుంచి వస్తాయి చెప్పండి? ఇరవై ఒక్క గేర్ల సైకిల్ తెచ్చుకున్నా మీరు వాడేది ఒక్కటే, మిగతా ఇరవై బరువు మోసుకెళ్లడమే.

దారి ఇలా పెట్టుకోండి. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా పిచ్చుకలంక, బొబ్బర్లంక. అక్కడ కాలువ గట్టు ఎక్కి ఆత్రేయపురం, లొల్ల, రావులపాలెం. అక్కణ్ణించి కొత్తపేట, పి.గన్నవరం, రాజోలు, సఖినేటిపల్లి. సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్లనీ దాటించే పెద్ద పడవ, ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే నరసాపురం. మొత్తం సుమారు 100 కిలోమీటర్లు వేసుకోండి. మ్యాప్ యాప్‌ని అడిగితే మాత్రం మిమ్మల్ని వేమగిరి, జొన్నాడ మీదుగా హైవే మీదకి తోలేస్తుంది. లారీల మధ్య, కడియపులంక నర్సరీల ముందు రోడ్డు పక్కన ఆగిన కార్ల మధ్య తొక్కుకుంటూ పోవాలి. ఆ యాప్‌కి చెట్టు నీడంటే ఏంటో తెలీదు, ఎంతసేపట్లో చేరతామన్నదే దాని గోల. ఒకసారి ఎవరిదో కొబ్బరితోటలోకి తీసుకెళ్లి "మీ గమ్యం ఎడమ వైపున ఉంది" అంది. ఎడమ వైపు గేదె ఉంది.

గేర్ల కంటే ఎక్కువగా ఆలోచించాల్సింది గాలి గురించి. మీరు వెళ్లేది సముద్రం వైపు. చలికాలంలో పొద్దున పూట ఈశాన్యం గాలి కాస్త వెనకనుంచే తగులుతుంది, హాయిగా ఉంటుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేస్తే అది మొహం మీదే. రాజోలు దాటాక ఎదురుగాలిలో తొక్కితే పది కిలోమీటర్లు ఇరవైలా ఉంటాయి, అప్పుడు ఏ గేరూ ఆదుకోదు. అందుకే తెల్లవారుజామున ఐదింటికల్లా బ్యారేజీ ఎక్కాలి, పన్నెండు లోపు గన్నవరం దాటెయ్యాలి. మామూలు సైకిల్ మీద గంటకి 12 కిలోమీటర్లు ఎవరైనా తొక్కగలరు. ఆగడాలూ టీలూ కలుపుకున్నా నాలుగింటికి రేవులో ఉంటారు. డిసెంబర్లో ఐదున్నరకే పొద్దు గూకుతుంది, అది గుర్తుపెట్టుకోండి.

శనివారం వెళ్లకండి. వాడపల్లి వెంకన్న గుడికి శనివారాలు జనం విరగబడి వస్తారు, ఆత్రేయపురం, రావులపాలెం వైపు రోడ్లన్నీ కార్లతో, నడిచి వెళ్లేవాళ్లతో నిండిపోతాయి. సంక్రాంతికి అసలు పెట్టుకోకండి. పండక్కి ఊళ్లకొచ్చే కార్లు ఒకవైపు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఒకవైపు, ఆ మూడు రోజులూ కోనసీమలో సైకిల్ తొక్కడం కంటే నడవడం నయం.

ఇప్పుడు అసలు విషయం. మా బావమరిది హైదరాబాద్‌లో ఉంటాడు. కారు వెనక తగిలించుకుని ఒక సైకిల్ తెచ్చాడు. సన్న టైర్లు, ఒంటిచేత్తో ఎత్తచ్చు, ధర అడిగితే మా ఆవిడకి చెప్పొద్దన్నాడు. మంచి సైకిలే, కాదనను, బ్యారేజీ మీద నన్ను వదిలేసి బొబ్బర్లంకలో టీ తాగేసి నా కోసం కూర్చున్నాడు. "బావా, నీ అట్లాస్‌ని మ్యూజియంలో పెట్టెయ్" అన్నాడు. కొత్తపేట దాటేదాకా అదే వరస.

కొత్తపేట దాటాక కొంతదూరం పోయేసరికి వాడి వెనక టైరు కూర్చుంది. తుమ్మముల్లు. వాడి దగ్గర ఒక ట్యూబు స్పేర్ ఉంది, అది మడతపెట్టిన చోట చీరి ఉంది. సరేనని తోసుకుంటూ ఊళ్లోకి వెళ్తే రోడ్డు మీదే మోటార్‌సైకిళ్ల పంక్చర్ షాపు కనపడింది. కొత్త కంప్రెసరు, ట్యూబ్‌లెస్ టైరు కిట్టూ, అన్నీ ఉన్నాయి. కుర్రాడు చూసి "సైకిల్ వెయ్యమండీ" అన్నాడు. బతిమాలితే ముందు గాలి కొట్టి చూస్తానని కంప్రెసరు గొట్టం పెట్టాడు. ఆ వాల్వుకి అది పట్టలేదు. పెన్ను రీఫిల్ అంత సన్నం వాల్వు, కొసన చిన్న మర ఉంటుంది, ప్రెస్టా అంటారట. మోటార్‌సైకిళ్లకీ కార్లకీ ఉండేది లావుది. కుర్రాడు రెండు మూడు సార్లు నొక్కి చూసి, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

అక్కడ కొబ్బరిబొండాలమ్మే ఆవిడ "లోపల రామాలయం పక్కన తాతున్నాడండీ, ఉంటే ఏత్తాడు" అంది. వెళ్లాం. తాటాకు పందిరి కింద ఒక చెక్క పెట్టె, నీళ్ల బేసిన్, గోడకి వేలాడదీసిన పాత టైర్లు, కాళ్ల మధ్య పెట్టుకుని కొట్టే నిలువు పంపు. డెబ్బై దాటిన మనిషి. సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి చక్రం తిప్పి చూశాడు. వాల్వు చూసి నవ్వాడు. "ఇదేం వాలండీ బాబూ, దబ్బనంలా ఉంది. దీంట్లోకి గాలెలా ఎక్కుద్దండీ?" అంటూనే టైరు విప్పేశాడు. ట్యూబు నీళ్లల్లో ముంచి కొద్దికొద్దిగా తిప్పుతుంటే ఒక చోట సన్నటి బుడగలు వరసగా లేచాయి. ఆ చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి, తుడిచి ఆరబెట్టి, గరుకు కాగితంతో గీరి, సొల్యూషన్ రాసి చేత్తో విసురుతూ కూర్చున్నాడు. మా వాడు "అతికించెయ్ తాతా, టైమవుతోంది" అంటే తల ఎత్తకుండానే "తడారకుండా అతికిత్తే రాజోల్లో ఊడుద్దండి" అన్నాడు. పాత ట్యూబులోంచి కత్తిరించిన ముక్క అంచుల్ని పలచగా చెక్కి, అతికించి, సుత్తి పిడితో మెల్లగా నాలుగు దెబ్బలు వేశాడు. తర్వాత టైరు లోపలంతా వేలితో తడిమి, తెగి ఉండిపోయిన ముల్లు కొసని గోటితో బయటికి తీసి మా వాడి అరచేతిలో పెట్టాడు. ఆ ముల్లు తీయకుండా బిగించేసే వాళ్లే ఎక్కువ, మళ్లీ కిలోమీటరు పోకుండా దిగిపోతుంది.

ఇక గాలి. కొసనున్న చిన్న మర వదులు చేశాడు, సైకిల్ ట్యూబు రబ్బరు పేలిక ఒకటి వాల్వు చుట్టూ చుట్టి, తన పంపు గొట్టం దానిమీద పెట్టి బొటనవేలితో అదిమిపట్టుకుని, నన్ను కొట్టమన్నాడు. ఎక్కింది! కాస్త కారుతూనే ఎక్కింది. మన మామూలు సైకిళ్ల వాల్వు మొదట్లో లావుగా ఉన్నా కొసకి వచ్చేసరికి సన్నబడుతుంది కదా, ఆ పంపు మూతి అలాంటి కొసకే చేసింది, అందుకే దీనికీ పట్టింది. కొత్త కంప్రెసరు చెయ్యలేని పని మా తాతల కాలం పంపు చేసింది, ఈ ముక్క నేను ఎన్నిచోట్ల చెప్పినా నాకు విసుగు రాదు. బావమరిది ఏమీ అనలేదు. తాత అడిగింది 30 రూపాయలు, వాడు వంద ఇచ్చి చిల్లర వద్దంటే కోప్పడి మరీ వెనక్కిచ్చాడు.

మా వాడు అక్కడే కొత్త ట్యూబు ఒకటి కొందామన్నాడు, చీరింది పారెయ్యచ్చని. తాత దగ్గరున్న ట్యూబు వాల్వు వాడి రిమ్ము బెజ్జంలో పట్టదు, బెజ్జం సన్నం. "బెజ్జం పెద్దది చెయ్యమంటే చేత్తానండి" అన్నాడాయన, నిజంగానే డ్రిల్లు తీశాడు. మా వాడు సైకిల్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

కాబట్టి నా ప్లాను ఏంటంటే, దారిలో ఊళ్లన్నీ రాసుకుని ఒక్కో ఊళ్లో సైకిల్ మెకానిక్ ఉన్నాడా లేదా అని ముందే కనుక్కోవడం. ఆ ఊళ్లో చుట్టాలుంటే ఫోన్ చెయ్యండి, లేకపోతే ఒక ఆదివారం బండి మీద వెళ్లి చూసి రండి. ఇదివరకు ఊరికి ఇద్దరు ముగ్గురుండే వాళ్లు, గంటకి ఇంతని అద్దె సైకిళ్లు కూడా ఉండేవి, వాళ్ల దగ్గర నేర్చుకునే కుర్రాళ్లు ఉండేవాళ్లు. ఇప్పుడు కుర్రాళ్లంతా మోటార్‌సైకిళ్ల షాపుల్లోకి పోయారు. ఆఖరికి అట్లాస్ వాళ్లు కూడా సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూసేశారు, అదీ ఎప్పుడు, 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజు. పట్నాల్లో ఆదివారం పొద్దున రంగురంగుల బట్టలేసుకుని సైకిల్ ర్యాలీలు చేసే వాళ్లకి ఇవేవీ పట్టవు. ఊళ్లో రోజూ సైకిల్ తొక్కి కూలికెళ్లే మనిషిని చూసి మాత్రం హారన్ కొట్టి పక్కకి తోలతారు. నేను అట్లాస్ మీద వెళ్తుంటే "ఏవండీ, బండి పాడైందా?" అని జాలిపడే వాళ్లు కూడా ఉన్నారు.

సరే, మీ ప్రశ్నకి వస్తాను. మీ దగ్గర ఇప్పటికే మామూలు సైకిల్ ఉంటే అదే తీసుకెళ్లండి. వారం ముందు ఇరుసుల్లో బాల్సు మార్పించి గ్రీజు పెట్టించండి, బ్రేకు కట్టలు అరిగిపోతే మార్చండి, చైను వదులు చూసుకోండి. ఒక ట్యూబు, వాల్వు లోపలి పుల్లకి తొడిగే సన్న రబ్బరు గొట్టం (వాల్ ట్యూబు) ముక్కలు నాలుగు, పానా, చిన్న పంపు చాలు. సన్నటైర్ల సైకిలే ఉంటే రెండు ట్యూబులు గుడ్డలో చుట్టి పెట్టుకోండి, దాంతోపాటు ఆ సన్న వాల్వుని లావు వాల్వుగా మార్చే ఇత్తడి అడాప్టరు కొనుక్కోండి. వేలెడంత కూడా ఉండదు, ధర కూడా తక్కువే, దాన్ని వాల్వుకి బిగించేస్తే ఏ మోటార్‌సైకిల్ షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. కంప్రెసరుతో మాత్రం ఒక్కసారిగా వదలనివ్వకండి, సైకిల్ ట్యూబులో పట్టే గాలి తక్కువ, టక్కున పేలుతుంది.

తిండికి ఇబ్బందిలేదు. రావులపాలెంలో టిఫిన్ కడుపునిండా తినేయండి. ఆత్రేయపురంలో పూతరేకులు కొనాలనిపిస్తుంది, వెళ్లేటప్పుడు కొనకండి, క్యారియర్ మీద పెడితే నరసాపురం చేరేసరికి పొడి అవుతుంది. లొల్ల లాకుల దగ్గర ఫోటోల కోసం ఆగుతారు ఎలాగూ, సినిమావాళ్లు అరిగిపోయేలా తీసిన చోటు అది. నన్నడిగితే ఆ టైమేదో గన్నవరం అక్విడెక్టు దగ్గర పెట్టండి. కింద వైనతేయ గోదావరి, పైన కాలువ, అంటే నది మీదుగా ఇంకో నీళ్లదారి నడుస్తుంటుంది. కాటన్ దొర కాలంలో కట్టిన పాతది పక్కనే ఉంది, కొత్తదానికి అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆవిడ ఊరు లంకల గన్నవరం ఆ పక్కనే.

రేవు సంగతి ఒక్కటి. పంటు రాత్రంతా ఉండదు, గోదావరి వరద మీదుంటే అసలు నడపరు. డిసెంబర్లో వరద భయం లేదు కానీ ఆలస్యమైతే రేవుదాకా పోకుండా రాజోలు వైపునుంచే దిండి మీదుగా చించినాడ వంతెన ఎక్కేయండి. పాలకొల్లు మీదుగా నరసాపురం చేరచ్చు, కాస్త చుట్టు, ఆ రోడ్డు మీద బళ్లూ ఎక్కువే. తిరిగొచ్చేటప్పుడు నరసాపురంలో రైలెక్కండి, సైకిల్‌ని ముందే స్టేషన్లో లగేజీ వ్యాన్‌కి బుక్ చేయించుకోవాలి, పెట్టెలో మనతో పాటు ఎక్కించనివ్వరు. బుక్ చేసే ముందు గాలి కొంచెం తీసేసి, చక్రానికి మీ పేరూ ఫోన్ నంబరూ రాసిన అట్టముక్క కట్టండి.

మీ టైరు సైజు ఎంతో రాస్తే, దానికి ట్యూబు దారిలో ఏ ఊళ్లో దొరుకుతుందో చెప్తాను.