మేక్‌ఫైల్‌లో ప్రీరిక్విజిట్ ఖాళీగా వస్తే వేరియబుల్ లైన్ పైకి జరపండి

రెసిపీలో (రూల్ కింద రాసే కమాండ్లలో) ఎకో చేస్తే ఓబీజేఎస్ (ఆబ్జెక్ట్ ఫైళ్ల పేర్లు ఉండే OBJS వేరియబుల్) విలువ కరెక్ట్‌గానే వస్తోంది, కానీ ఆబ్జెక్ట్ ఫైళ్లు బిల్డ్ అవ్వకుండానే లింకింగ్‌కి వెళ్లిపోయి ఎర్రర్ కొడుతోంది అన్నారు కదండీ, మీ మేక్‌ఫైల్ చూశాను, ఓబీజేఎస్ లైన్ రూల్ కింద రాశారు, తేడా అక్కడే. గ్నూ మేక్ (మేక్‌ఫైల్ చదివి బిల్డ్ చేసే టూల్) ముందు ఫైలంతా పైనుంచి కిందకి చదువుకుంటూ టార్గెట్‌ని (తయారవ్వాల్సిన ఫైల్), ప్రీరిక్విజిట్‌లని (దానికి ముందే కావాల్సిన ఫైళ్లు) ఆ లైన్ దగ్గరే ఎక్స్‌పాండ్ చేసేస్తుంది, అంటే వేరియబుల్ బదులు దాని విలువ పెట్టేస్తుంది, అప్పటికి మీ వేరియబుల్ ఇంకా పుట్టనే లేదు కాబట్టి ఖాళీ. రెసిపీ మాత్రం రన్ అయ్యేటప్పుడే ఎక్స్‌పాండ్ అవుతుంది, అందుకే ఎకోలో బాగానే కనిపించి మిమ్మల్ని తిప్పలు పెట్టింది. ఓబీజేఎస్ లైన్‌లో := (వెంటనే విలువ కట్టేది) తీసేసి = (వాడినప్పుడే విలువ కట్టేది) పెట్టినా ఇక్కడ లాభం లేదు.

ఆ ఓబీజేఎస్ లైన్ రూల్ పైకి జరపండి, చాలు. అస్సలు కుదరకపోతే గ్నూ మేక్ 3.81 వెర్షన్ నుంచి సెకండ్ ఎక్స్‌పాన్షన్ (.SECONDEXPANSION, ఫైలంతా చదివాక ప్రీరిక్విజిట్‌లని ఇంకోసారి ఎక్స్‌పాండ్ చేసేది) ఉంది, అది రూల్‌కి పైన ఆన్ చేసి ప్రీరిక్విజిట్‌లో $$ అని రెండు డాలర్లు పెట్టాలి, కానీ తర్వాత చదివేవాళ్లకి కష్టం, నేనైతే వద్దంటాను.