ఉత్తుత్తి సూది సంగతి రాయలేదేం?

కడప

పాపా,

నువ్వు పంపిన రెండు వ్యాసాలూ అందాయి, గుండెకు పనికొచ్చే మందు మీద ఒకటి, ఉత్ప్రేరకాల మీద (రసాయన చర్యను వేగంగా జరిపించి తాము ఖర్చుకాని పదార్థాలు) ఒకటి. మొన్న మీ నాయన ఫోన్ చేసి "కొంచెం చూసి పెట్టన్నా, పిల్ల టెన్షన్ పడతా ఉంది" అన్నాడు. చూశాను. రెండేసి సార్లు చదివాను. నీ వాక్యం బాగుంది. తర్వాత తిట్టబోతున్నాను కాబట్టి ముందు పొగుడుతున్నానని అనుకోవద్దు, నిజంగానే బాగుంది. ఉత్ప్రేరకం అనే మాట చూసి నువ్వు జంకలేదు, చదివేవాణ్ణీ జంకనివ్వలేదు. ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నా, నాకు ఇప్పటికీ ఒక్కోసారి అది చేతకాదు.

అయితే మొదటి వ్యాసానికి పేరు "గుండెపోటుకు ఇక చెక్!" అని పెట్టావు. పత్రికల్లో ఈ చెక్ ఎన్ని రోగాలకు పడిందో లెక్కేస్తే ఈపాటికి ఆస్పత్రులన్నీ మూతపడి ఉండాలి. తీసెయ్.

ఇక లోపలికి వద్దాం. షుగరుకూ బరువు తగ్గడానికీ వాడే సెమాగ్లుటైడ్ అనే సూదిమందు మీద 2023లో ఫలితాలు వచ్చిన సెలెక్ట్ అనే ట్రయల్ గురించి రాశావు. "గుండెపోటు ముప్పు 20 శాతం తగ్గింది" అని మొదటి పేరాలోనే కొట్టావు. ఆ అంకె తప్పు కాదు. కానీ నీ వ్యాసం చదివేది ఎవరు? ప్రొద్దుటూరులో బట్టల కొట్టు నడుపుకునే యాభై ఏళ్ళ మనిషి అనుకో. "నూరుమంది వేసుకుంటే ఇరవైమంది గండం గడిచి బయటపడతారు" అని అర్థం చేసుకుంటాడు. జరిగింది అది కాదు. 17,604 మందిని తీసుకున్నారు. సగం మందికి వారానికోసారి అసలు మందు సూది, తక్కిన సగానికి చూడ్డానికి అచ్చం అట్లాగే ఉండే ఉత్తుత్తి సూది. ఎవరికి ఏది పడుతోందో వేసుకునేవాళ్ళకు తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. సగటున మూడేళ్ళ పైచిలుకు కనిపెట్టుకుని ఉన్నారు. గుండె, రక్తనాళాల జబ్బుతో చనిపోవడం, గుండెపోటు రావడం, పక్షవాతం రావడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉత్తుత్తి సూది వాళ్ళలో నూటికి 8 మందికి జరిగింది. అసలు మందు వాళ్ళలో నూటికి 6.5 మందికి. తేడా నూటికి ఒకటిన్నర. ఎనిమిదిలో ఒకటిన్నర ఎంతో లెక్కగట్టు, సుమారు 19 శాతం వస్తుంది, నీ 20 శాతం దాని పక్కదే. ఇంకో రకంగా చెప్పాలంటే సుమారు 67 మంది అన్నాళ్ళు సూదులు వేయించుకుంటే ఒకరికి ఆ కీడు తప్పింది. ఇది చిన్న సంగతని నేననను. ఆ ఒక్కరు మన ఇంట్లో మనిషైతే చిన్నది కానే కాదు. కానీ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టు. కొట్టాయన తన లెక్క తాను వేసుకుంటాడు, వ్యాపారస్తుడు కదా.

ఇంకో పొరపాటు ఉంది, ఇది పెద్దది. "షుగరు పేషెంట్లకు శుభవార్త" అన్నావు. ఆ ట్రయల్‌లో షుగరు ఉన్నవాళ్ళను తీసుకోనే లేదు. అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో వచ్చి, బరువు ఎక్కువగా ఉండి, షుగరు లేని, 45 ఏళ్ళు దాటిన వాళ్ళ మీద చేశారు. మందు పేరు చూడగానే షుగరు గుర్తొచ్చి చెయ్యి జారి ఉంటుంది. చివరగా, ఇబ్బందులు వచ్చి మధ్యలో మానేసిన వాళ్ళు అసలు మందులో నూటికి 16.6 మంది, ఉత్తుత్తి దాంట్లో 8.2 మంది. అది నీ వ్యాసంలో లేదు.

అసలు నీ వ్యాసం మొత్తంలో ఉత్తుత్తి సూది మాటే లేదు. నా బాధంతా అదే. మందు వేశారు, తగ్గింది అని రాశావు. మందు వేయకపోతే ఏమయ్యేది? ఈ ప్రశ్న అడగకుండా రాస్తే ఏం జరుగుతుందో నా అనుభవం ఒకటి చెబుతాను. మీ నాయనకు తెలుసు, నీకు చెప్పి ఉండడు.

నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక ఆదివారం అనుబంధానికి ఒక ఆకు గురించి రాశాను. ఆ ఆకు రసం షుగరును దించిందని ఒక పరిశోధన. దించింది ఎలుకల్లో. ఆ సంగతి ఆఖరి పేరాలో పెట్టాను, చోటు చాలక ఆ పేరాను కత్తిరించారు. కత్తిరించినవాళ్ళను అనను. తల పక్కన ఉండాల్సిన మాటను తోక దగ్గర పెట్టింది నేను. మా ఊళ్ళో నాకు చిన్నాయన వరసయ్యే ఒకాయన ఆ ముక్కను కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. మన పిల్లోడు రాసినాడని అందరికీ చూపించేవాడట. బిళ్ళలు మానేశాడు. ఆరు నెలలకు కాలికి పుండు పడి రెండు వేళ్ళు తీసేశారు. నేను చూడటానికి పోతే నన్ను ఒక్క మాట అనలేదు, కాఫీ తెమ్మని చిన్నమ్మను కేకేశాడు. ఆ ఆకు పేరు ఇప్పుడు నీకు కూడా చెప్పను.

"వేసుకున్నాను, తగ్గింది" అనే మాటకు ఎంత బలముందో ఒక ఉదాహరణ చూడు. మన వైపు ఇప్పుడు ఏ వీధికి పోయినా స్టెంట్ వేయించుకున్న మనిషి ఒకడు ఉంటాడు. గుండెపోటు వచ్చి పడిపోయిన మనిషికి వెంటనే స్టెంట్ వేస్తే ప్రాణం నిలుస్తుంది, అందులో వాదన లేదు, స్టెంట్ల గురించి ఎప్పుడైనా రాస్తే ఆ మాట లావు అక్షరాల్లో పెట్టు. కానీ నడిస్తే మాత్రమే ఛాతీ పట్టేసే నిలకడ నొప్పి వాళ్ళ సంగతి వేరు. బ్రిటన్‌లో ఆర్బిటా అని ఒక ట్రయల్ చేశారు, ఫలితాలు 2017లో వచ్చాయి. 200 మంది. అందరికీ మత్తిచ్చి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, గుండె రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపారు. కొందరికి స్టెంట్ పెట్టారు, కొందరికి పెట్టకుండానే బయటికి తీశారు. ఉత్తుత్తి స్టెంట్ అన్నమాట. ఆరు వారాల తర్వాత ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే రెండు గుంపుల మధ్య తేడా 16.6 సెకన్లు. కాకతాళీయంగా కూడా వచ్చేంత తేడా. వాళ్ళందరికీ నొప్పి మందులు బాగానే ఇచ్చి ఉన్నారు మరి. తర్వాత 2023లో అదే బృందం 301 మందితో, ఆ మందులు ఆపించి మళ్ళీ చేసింది. ఈసారి స్టెంట్ వాళ్ళకు నొప్పి స్పష్టంగా తగ్గింది. మొదటిది మాత్రమే చదివి రాసినవాడు స్టెంట్ దండగ అంటాడు, రెండోది మాత్రమే చదివినవాడు స్టెంటే దిక్కంటాడు. రెండూ చదివితే, ఎవరికి, దేనితో పోల్చి అని అడగక తప్పదు.

ఇప్పుడు నీ రెండో వ్యాసం. రసాయన శాస్త్రం నీ సొంత పొలం, అందుకే ఇక్కడ ఇంకా గట్టిగా అడుగుతాను. మీ ల్యాబులో బ్లాంక్ పెడతారు కదా? ఉత్ప్రేరకం వేయకుండా తక్కినవన్నీ వేసి చూసేది. ఆ బ్లాంకే ఉత్తుత్తి సూది. చేతులతో రోజూ చేసే పనిని నువ్వు వ్యాసంలో మరిచిపోయావంటే నాకు ఆశ్చర్యంగా ఉంది.

2021 నోబెల్ గురించి చక్కగా రాశావు. బెంజమిన్ లిస్ట్, డేవిడ్ మాక్‌మిలన్, లోహం లేని చిన్న సేంద్రియ అణువులతో ఉత్ప్రేరణ. మన చర్మంలోని కొల్లాజెన్‌లో దండిగా ఉండే ప్రొలీన్ అనే అమైనో ఆమ్లమే ఉత్ప్రేరకంగా పనిచేయడం, ఆ భాగం చదువుతుంటే హాయిగా ఉంది. కానీ అక్కడి నుంచి ఒక్క దూకు దూకి "ఇక ఖరీదైన లోహాలతో పనిలేదు" అన్నావు. ఆ మాట అనబోయే ముందు ఒక కథ విను. రెండు కార్బన్ అణువుల ముక్కలను అతికించే సుజుకి చర్య అని ఒకటుంది. 2003లో ఒక బృందం దాన్ని పల్లాడియం అనే ఖరీదైన లోహం లేకుండానే జరిపించామని ప్రకటించింది. 2010లో నోబెల్ తెచ్చిన చర్యల్లో అదొకటి, పల్లాడియం దానికి ప్రాణం. అది లేకుండా ఎట్లా జరిగిందని ఆ బృందమే మళ్ళీ వెతికింది. 2005లో జవాబు దొరికింది. వాళ్ళు వేసిన సోడియం కార్బొనేట్‌లో పల్లాడియం ఉంది. ఎంత? నూరు కోట్ల పాళ్ళలో 50 పాళ్ళు. బట్టల సోడాలో దాక్కున్న దొంగ అన్నమాట. మా పొరపాటు ఇదీ అని వాళ్ళే అచ్చు వేయించారు. నాకు ఆ రెండో పేపరంటేనే గౌరవం ఎక్కువ.

అమ్మోనియా సంగతి ఇంకా తమాషా. యూరియా బస్తా వెనక ఉండేది హేబర్-బాష్ పద్ధతి. ఇనుము ఉత్ప్రేరకం, 400 డిగ్రీల పైన వేడి, వందకు మించిన వాతావరణ పీడనాలు. అదేమీ లేకుండా గది వేడిలో కరెంటుతో గాలిలోని నైట్రోజన్‌నూ నీళ్ళనూ కలిపి అమ్మోనియా చేయాలని ప్రపంచమంతా తంటాలు పడుతోంది. చేశామని పేపర్లు వస్తూనే ఉన్నాయి. వచ్చే అమ్మోనియా చాలా కొంచెం. అంత కొంచెం అమ్మోనియా ల్యాబు గాలిలో ఉంటుంది, గ్లవ్స్ మీద ఉంటుంది, ప్రయోగం చేసేవాడి ఊపిరిలోనూ ఉంటుంది. అందుకే 2019లో ఒక కట్టుబాటు రాశారు. నైట్రోజన్ బదులు దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువు పంపి చూడు, అప్పుడూ అమ్మోనియా వస్తే అది నీ ఉత్ప్రేరకం ఘనత కాదు. ఆ తర్వాత గుర్తుపట్టడానికి వీలుగా కాస్త బరువైన నైట్రోజన్-15 ఐసోటోపు పంపి, వచ్చిన అమ్మోనియాలో అదే ఉందో లేదో చూడు. ఆర్గాన్ అంటే ఏమిటనుకున్నావు? ఉత్తుత్తి సూదే.

పోలికల గురించి ఒక మాట. ఉత్ప్రేరకాన్ని "పాలలో తోడు లాంటిది" అన్నావు. వినడానికి బాగుంది, కానీ కుదరదు. తోడులోని సూక్ష్మజీవులు పాలను తిని పెరుగుతాయి, రేపటికి మళ్ళీ తోడు అదే ఇస్తుంది. ఉత్ప్రేరకం పెరగదు, ఖర్చు కూడా కాదు. నేనైతే గువ్వలచెరువు ఘాటు చెబుతాను. కడప నుంచి రాయచోటికి పోవాలంటే ఆ మలుపులన్నీ ఎక్కి దిగాలి. కొండ కింద ఒక సొరంగం ఉందనుకో, సులువుగా పోతావు. అయితే సొరంగం వచ్చిందని రాయచోటి కిందికి దిగదు, కడప పైకి లేవదు. పైగా అటు నుంచి వచ్చేవాళ్ళకూ అంతే సులువు. సమతాస్థితిని, అంటే చర్య చివరికి ఎక్కడ నిలుస్తుందో దాన్ని, ఉత్ప్రేరకం మార్చలేదని, రెండు వైపుల వేగాన్నీ పెంచుతుందని ఇంతకంటే తేలిగ్గా చెప్పడం నాకు రాలేదు. ఏమంటే, ఘాటు పైన పాలకోవా కొనుక్కోవడం పోతుంది.

థాలిడోమైడ్ పేరా కొట్టెయ్ లేదా సరిచెయ్. వెనక గర్భిణులు వేసుకుంటే బిడ్డలు అవయవ లోపాలతో పుట్టిన మందు అది, దాని అణువు కుడిచెయ్యీ ఎడమచెయ్యీ లాగా రెండు రూపాల్లో ఉంటుంది. కుడిచేతి అణువు మందు, ఎడమచేతి అణువు విషం, వేరు చేసి ఉంటే ఆ బిడ్డలంతా బాగుండేవాళ్ళు అని అందరూ రాసేదే నువ్వూ రాశావు. ఆ రెండు రూపాలూ ఒంట్లోకి పోయాక ఒకదాని నుంచి ఒకటి మారిపోతాయి. మంచిదాన్నే ఏరి ఇచ్చినా లోపల రెండోది తయారవుతుంది. కథ అందంగా ఉందంటే అనుమానించడం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

చేతుల కథే కావాలంటే సిటాగ్లిప్టిన్ అనే షుగరు బిళ్ళ తీసుకో, అందులో ఒక చేతి రూపమే ఉండాలి. 2022లో మన దేశంలో పేటెంటు తీరాక ధర పడింది, ఇప్పుడు మన మెడికల్ షాపుల్లో మామూలుగా దొరుకుతోంది. దాన్ని మొదట రోడియం అనే ఖరీదైన లోహపు ఉత్ప్రేరకంతో, హైడ్రోజన్‌ను ఎక్కువ పీడనంలో పంపి చేసేవాళ్ళు. 2010లో దాని బదులు ఒక ఎంజైమును తయారు చేశారు. ప్రకృతిలో దొరికిన ఎంజైము ఆ అణువును ముట్టుకోనే లేదు. మార్చి, పరీక్షించి, మళ్ళీ మార్చి దాన్ని ఆ పనికి తిప్పారు. వ్యర్థాలు 19 శాతం తగ్గాయి. ఇక్కడ మాత్రం దేనితో పోల్చి అనే ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంది చూడు, పాత రోడియం పద్ధతితో.

మన ఊరి వాకిలి నుంచి మొదలుపెట్టాలని ఉందన్నావు కదా. మంగంపేట ముగ్గురాయి ఉంది. అప్పట్లో కడప జిల్లాలోనే ఉండేది. ప్రపంచంలోని పెద్ద నిల్వల్లో అదొకటి. కోడూరు దారిలో ఆ లారీల దుమ్ము తిన్నవాళ్ళమే అందరం. చాలావరకు చమురు బావులు తవ్వేటప్పుడు బరువు కోసం వాడే బురదలోకి పోతుంది. ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్. నీళ్ళలో కరిగే బేరియం లవణాలు విషం. ఇది కరగదు కాబట్టి, బాగా శుద్ధి చేసినదాన్ని ఎక్స్‌రే తీసే ముందు బేరియం మీల్ అని తాగిస్తారు. అదే బేరియం సల్ఫేట్ మీద పల్లాడియం అద్ది, దాని జోరు కావాలనే తగ్గించి, చర్యను సగంలో, ఆల్డిహైడ్ అనే మధ్య పదార్థం దగ్గర ఆపే ఉత్ప్రేరకాన్ని రోజెన్‌మండ్ 1918లో చేశాడు. మీ పుస్తకంలో రోజెన్‌మండ్ క్షయకరణం అని నాలుగు మార్కుల ప్రశ్నగా ఉండే ఉంటుంది. వైద్యమూ ఉత్ప్రేరకమూ ఒకే రాయిలో దొరికితే వేరే ఎక్కడో వెతకడం దేనికి?

సెలెక్ట్ వ్యాసం తిరగరాసి వచ్చే వారానికి పంపు. ఆ 8, ఆ 6.5 మొదటి పేరాలో ఉండాలి. ముగ్గురాయిది తొందర లేదు. ఆ దారిన మీ నాయన బండి మీద పోతే ఒక చిన్న రాయి పట్టుకురా, చేతిలో పెట్టుకుంటే ఎంత బరువుంటుందో ముందు అది రాద్దువు.

మీ పెద్దనాయన