విజయనగరంలో నేత కుర్చీలు, నార శిల్పాల ప్రదర్శన పెడితే జనాన్ని ముట్టుకోనివ్వాలా?

చేనేత బట్టతోనూ నారతోనూ చేసిన కుర్చీలు, పీటలు, శిల్పాలు ఒకే గదిలో ప్రదర్శించాలనుకుంటున్నానని, వచ్చినవారిని వాటిని ముట్టుకోనివ్వాలా వద్దా అని, అసలు విజయనగరం వంటి ఊళ్లో ఇటువంటి కళ ఎవరికి అర్థమవుతుందని మీరు అడిగారు. నేనూ మరో ముగ్గురు స్నేహితులమూ కొన్నేళ్ల క్రితం ఇదే ఊళ్లో ఒక అద్దె హాలులో పది రోజులపాటు అటువంటి ప్రదర్శన నడిపాము. ఆ అనుభవంతో చెబుతున్నాను: అర్థం కాదన్న భయం పెట్టుకోకండి. కుర్చీల్లో కొన్నింటి మీదనైనా జనాన్ని కూర్చోనివ్వండి. శిల్పాలను మాత్రం ముట్టుకోనివ్వకండి.

మేము గుమ్మం దగ్గరే ఒక నులక మంచం వేశాము. దానికి పేరు చీటీ గానీ, ధర గానీ పెట్టలేదు. నార, నూలు మనిషి బరువు మోయడం మన జిల్లాలవారికి కొత్త సంగతి కాదు. నులక మంచం, నవారు మంచం ఎరగని ఇల్లు నిన్నమొన్నటి వరకు లేదు. దాని మీద ఒక నిమిషం కూర్చుని లోపలికి వచ్చినవారు, ఆ పక్కనే ఉన్న తాడు అల్లిక కుర్చీని కొత్త వస్తువులా చూడలేదు. తాడు ఎక్కడ బిగిసింది, ఎక్కడ దిగింది, పట్టె మీద ఎన్ని చుట్లు తిరిగింది అని అడిగారు. నేత సామాను అందమంతా ఆ బిగువులోనే ఉంది. ఆ బిగువు కంటికి సగమే తెలుస్తుంది, మిగతా సగం ఒంటికి తెలియాలి. అందుకే కూర్చోనివ్వమంటున్నాను.

ఇక్కడ నేను చేసిన ఒక పెద్ద పొరపాటు చెప్పాలి. మన ప్రాంతపు గౌరవం నిలబెట్టాలన్న ఆరాటంతో రెండు కుర్చీలకు పొందూరు ఖద్దరు బిగించాను. కొండపత్తిని వాలుగ చేప దవడ పళ్లతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, రాట్నం మీద వడికే ఆ నూలు 100 కౌంటు, ఒక్కోసారి అంతకంటే సన్నం కూడా ఉంటుంది. 100 కౌంటు అంటే ఒక పౌను బరువులో 84,000 గజాల నూలు. కిలో నూలు విప్పి చాపితే సుమారు 169 కిలోమీటర్లు. అంత సన్నని నూలు కట్టుకునే పంచెకు, చీరకు పుట్టింది. నాలుగో రోజుకే కుర్చీ ముందు అంచున, తొడ ఒరుసుకునే చోట, పడుగు నూలు తెగి పేక బయటపడింది. అది చూసి నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు, ఎందుకంటే ఆ బట్ట వెనుక ఎన్ని చేతుల పని ఉందో నాకు తెలుసు. కూర్చునే వస్తువుకు 10, 20 కౌంటు ముతక నూలును నాలుగైదు పేటలుగా పేని వాడాలి, లేదా నవారు వాడాలి, లేదా గోగునార తాడు వాడాలి. మిగిలిన ఖద్దరును ఆ రాత్రే కిటికీకి ఎదురుగా మూడు వరుసలుగా వేలాడదీశాము. పొద్దుటి వెలుగు దానిలోంచి వడగట్టినట్టు దిగుతుంటే, ఆ బట్టకు తగిన చోటు అదేనని అందరమూ ఒప్పుకున్నాము.

శిల్పాల సంగతి వేరు. కుర్చీ మన బరువు మోస్తుంది, నార శిల్పం తన బరువు తానే మోసుకోవాలి. 1949లో పుట్టి 2015లో కన్నుమూసిన మృణాళినీ ముఖర్జీ, బరోడాలో చదువుకున్న శిల్పి, మగ్గం లేకుండా రంగు వేసిన నారతాళ్లను ముడి మీద ముడి వేసుకుంటూ మనిషంత ఎత్తు రూపాలు నిలబెట్టింది. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2019లో ఆమె పనికి ప్రత్యేక ప్రదర్శన జరిపింది. ఆమె ఫొటోలు చూసి నేర్చుకున్న నా స్నేహితురాలు ఇక్కడ ఒక నిలువెత్తు ముడుల శిల్పం చేసింది. చదువుకున్నవారు చాలామంది దాని ముందు మాట లేక నిలబడిపోయారు గానీ, భోగాపురం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, వలలు అల్లే మనిషి, దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇది పైనించి కట్టుకొచ్చినారా, కిందనించి కట్టినారా బాబూ?" అని అడిగారు. ఆ పది రోజుల్లో విన్న ప్రశ్నలన్నింటిలోకీ అదే నిజమైన కళావిమర్శ అని నేను నమ్ముతున్నాను, ఎందుకంటే పైనుంచి కడితే ముడులు బరువుకు సాగి బిగుస్తాయి, కిందనుంచి కడితే ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, శిల్పం రూపమంతా ఆ తేడాతోనే మారిపోతుంది. కళ ఎవరికి అర్థమవుతుందన్న మీ ప్రశ్నకు నా దగ్గర ఇంతకు మించిన జవాబు లేదు.

అయినా శిల్పాన్ని ముట్టుకోనివ్వవద్దు అనడానికి కారణం ఉంది. చేతి చెమట, జిడ్డు నారలోకి ఇంకితే ఉతికే వీలుండదు. వద్దని బోర్డు పెట్టి ఊరుకుంటే చూసేవారి మనసు చిన్నబోతుంది కనుక, అదే తాడుతో, అదే ముడితో జానెడు ముక్క కట్టి ప్రతి శిల్పం పక్కనా ఉంచండి. పిల్లలు దానిని విప్పి మళ్లీ కట్టడానికి ప్రయత్నిస్తారు, కట్టనివ్వండి.

దీపాలు తక్కువగా పెట్టండి. మ్యూజియంలలో బట్టలకు 50 లక్స్ (లక్స్ అంటే వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగు చాలంటారు. పసుపుతో వేసిన రంగు ఎండకు తొందరగా వెలిసిపోతుంది, నీలిమందు కొంత ఓర్చుకుంటుంది. ఇందాక చెప్పిన ఖద్దరుకు ఏ రంగూ లేదు గనుకనే కిటికీ దగ్గర ఉంచగలిగాము, అదీ పొద్దుటి పూట మాత్రమే. గంజి పెట్టిన బట్టను రోజుల తరబడి మడత పెట్టి ఉంచితే పురుగు పడుతుంది. సిరిమానోత్సవం రోజుల్లో ఊరు నిండా జనం ఉంటారని అప్పుడు పెట్టాలని మీకు అనిపించవచ్చు, కానీ ఆ రద్దీలో ఎవరూ మంచం మీద నిమిషం కూర్చోరు. పైగా వానలు పూర్తిగా వెనకపట్టని కాలం. నారతాడు తడి పీల్చి ఉబ్బితే పొట్టిదవుతుంది, ఆరితే వదులవుతుంది. వానల్లో బిగించిన అల్లిక పొడి గాలికి జారుతుంది. సంక్రాంతి వెళ్లాక పెట్టుకోవడం మేలు.

తేదీ ఖాయం కాగానే మంచమూ కుర్చీలూ నెల రోజుల ముందే అల్లించి, ఇంట్లో రోజూ ఎవరో ఒకరు వాటిని వాడేలా చూడండి. కొత్త తాడు సాగవలసినదంతా ఆ నెలలోనే సాగుతుంది, ప్రదర్శనకు ముందు రోజు అల్లినవారినే పిలిచి ఒకసారి బిగిస్తే ఆ తరువాత దిగదు.