రాత్రిపూట లైటు వేసి జింకను కాల్చడాన్ని వేట అనకుండా దొంగవేట అని ఎందుకంటారు?

జింక కంట్లో రెటీనా వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. వెలుతురు పడితే కళ్లు మెరుస్తాయి, జంతువు బిత్తరపోయి నిలబడిపోతుంది. పారిపోయే వీలే లేనప్పుడు అదేం వేట? చాలాచోట్ల చట్టమూ ఒప్పుకోదు. పైగా కాల్చేవాడికి కనిపించేవి రెండు మెరుపులే. అది చూడిదో, పిల్లతల్లో, వెనక మనిషున్నాడో తెలియదు.

అనుమతితో పగలు వేటాడేవాడు జింక పక్కకు తిరిగేదాకా ఆగి, ముందుకాలి వెనగ్గా, గుండె ఊపిరితిత్తులున్న చోట గురిపెడతాడు. తర్వాత నెత్తుటి జాడ చూడాలి: నురగతో లేత ఎరుపైతే ఊపిరితిత్తులు, పసరు కలిసి కంపు కొడితే పేగులు. పేగులకు తగిలితే 6–8 గంటలు ఆగాకే వెతకాలి. వెంటనే తరిమితే ఏ పొదల్లోకో పోయి, దొరక్కుండా నరకయాతనతో చస్తుంది. దొంగవేటగాడు అంతసేపు ఆగడు, పట్టుబడతాడని భయం.