డీఎన్‌పీ స్లాట్‌కి ముందు శాంపిల్ సంగతి చూసుకో

తల్లీ,

నిన్న రాత్రి ఫోన్‌లో డీఎన్‌పీ మిషన్ (ఎలక్ట్రాన్ల పోలరైజేషన్‌ని వాడుకుని ఎన్‌ఎంఆర్ సిగ్నల్‌ని పెంచేది) మీద నీ చానల్ ప్రోటీన్‌కి ఐదు రోజుల టైమ్ దొరికిందని నువ్వు చెబుతుంటే నాకూ సంతోషమేసింది, కానీ ఈ పొద్దున మల్లేశ్వరంలో వాకింగ్ చేస్తున్నంతసేపూ నీ శాంపిల్ గురించే ఆలోచన.

నువ్వు వేసిన లెక్క సరైనదే. ఎలక్ట్రాన్ పోలరైజేషన్, అంటే అయస్కాంత క్షేత్రంలో స్పిన్‌లు ఒకవైపుకి మొగ్గడం, ప్రోటాన్‌ కంటే దాదాపు 660 రెట్లు ఎక్కువ, రాడికల్ (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు) కలిపి మైక్రోవేవ్ వేస్తే అందులో కొంత ప్రోటాన్లకి, అక్కణ్నుంచి కార్బన్లకి ఎక్కుతుంది, సిగ్నల్ 30 రెట్లు పెరిగితే టైమ్ 900 రెట్లు ఆదా. కానీ ఆ 30 అనేది ఒకే శాంపిల్‌లో మైక్రోవేవ్ వేసినప్పటికీ ఆపినప్పటికీ ఉన్న తేడా మాత్రమే. రాడికల్ తనకి దగ్గరగా ఉన్న పరమాణువుల సిగ్నల్‌ని మింగేస్తుంది, అది ఆ లెక్కలోకి రాదు. అందుకే రాడికల్ లేని శాంపిల్ ఒకటి పక్కన పెట్టుకుని, అంతే టైమ్‌లో ఎంత సిగ్నల్ వస్తోందో పోల్చు.

ఇంకో సంగతి, ఇది మరీ ముఖ్యం. 100 కెల్విన్ దగ్గర ప్రోటీన్ రకరకాల ఆకారాల్లో గడ్డకట్టిపోయి లైన్లు వెడల్పవుతాయి. ప్రోటీన్ మొత్తాన్నీ లేబుల్ చేసి (కార్బన్-13, నైట్రోజన్-15 ఐసోటోప్‌లు పెట్టి) తీసుకెళ్తే పీకులన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దలా కనిపిస్తాయి. నీ ప్రశ్న ఆ చానల్‌లోని ఒక్క హిస్టిడిన్ (ఒక అమైనో ఆమ్లం) గురించి కదా, ఆ ఒక్కదాన్నే లేబుల్ చెయ్యి. వెలుతురుతో పనిచేసే బాక్టీరియోరొడాప్సిన్ అనే ప్రోటీన్‌ని ఎంఐటీలో గ్రిఫిన్ బృందం చూసింది ఇలాగే: అందులో వెలుతురుని పట్టే రెటినల్ చుట్టూ కొన్ని చోట్లే లేబుల్ పెట్టి, వెలుతురు వేసి, మధ్యలో వచ్చే స్థితుల్ని చల్లదనంలో పట్టి ఉంచి కొలిచారు. అక్కడ చలే వాళ్లకి సాయపడింది, నీ ప్రశ్న కూడా అలాంటిదైతేనే ఈ పద్ధతికి అర్థం ఉంటుంది.

శాంపిల్‌ తయారీలో తొందరపడకు. నువ్వు కలిపే రాడికల్ ఏఎంయూపోల్ నీళ్లలో కరుగుతుంది కాబట్టి లైపోజోమ్ (కొవ్వుపొర బుడగల) పెల్లెట్‌లో అన్నిచోట్లకీ చేరడానికి టైమ్ ఇవ్వాలి, కలిపిన వెంటనే రోటర్ (శాంపిల్‌ని పెట్టి తిప్పే చిన్న గొట్టం) లోకి తొయ్యకు. గ్లిసరాల్, భారజలం, నీళ్లు 60:30:10 అని అందరూ చెప్పే పాళ్లు కరిగే ప్రోటీన్లకి బాగుంటాయి, మెంబ్రేన్ పెల్లెట్‌కి అంత గ్లిసరాల్ పోస్తే రోటర్‌లో ప్రోటీన్‌కి చోటే మిగలదు, తగ్గించి చూడు. బఫర్‌లో రాడికల్‌ని చంపేసే డీటీటీ లాంటివి ఒక్క చుక్క కూడా మిగలనివ్వకు. నా మొదటి స్లాట్‌లో శాంపిల్‌ని సరిగ్గా డయాలిసిస్ చెయ్యలేదు, మైక్రోవేవ్ వేసినా వెయ్యకపోయినా స్పెక్ట్రం ఒకేలా ఉంది, రాడికల్ చచ్చిపోయిందని తెలుసుకునేసరికి రెండు రోజులు పోయాయి. ఇప్పటికీ గుర్తొస్తే బాధగానే ఉంటుంది. రోటర్‌ని కొన్నిసార్లు గడ్డకట్టించి కరిగించు, శాంపిల్‌లో ఉన్న ఆక్సిజన్ పోతుంది. రోటర్ జిర్కోనియాది కాకుండా సఫైర్‌ది అడుగు, మైక్రోవేవ్‌లు లోపలికి బాగా వెళ్తాయి.

వీటన్నిటికంటే ముందు, మామూలు మిషన్ మీద గది ఉష్ణోగ్రతలో ఒక స్పెక్ట్రం తియ్యి. అక్కడ ప్రోటీన్ ముడుచుకునే తీరు సరిగ్గా లేకపోతే డీఎన్‌పీ ఆ తప్పునే పెద్దది చేసి చూపిస్తుంది. ఆదివారం ఆ ప్రింట్, బఫర్ వివరాలు పట్టుకుని మధ్యాహ్నం భోజనానికి వచ్చెయ్, రెండో రోటర్‌లో ఏం ప్యాక్ చెయ్యాలో అప్పుడే తేలుద్దాం.

మీ పెద్దమ్మ